ఏది దేనికి కలిసిందో తెలిసేలా రాయండి

సంపాదకుల వారికి నమస్కారం.

నేను పరకాలలో మీసేవ కేంద్రం నడుపుతున్నాను. పొద్దున షటర్ తీయగానే మీ పత్రిక బల్ల మీద పెడతాను. వరుసలో నిలబడ్డవాళ్లు జిల్లా పేజీ చదువుకుంటారు, చదువు రానివాళ్లు పక్కవాళ్లతో చదివించుకుంటారు. ఆ పేజీలో "ఆధార్ అనుసంధానం తప్పనిసరి", "అనుసంధానం కాని ఖాతాలకు నగదు నిలిపివేత", "గడువులోగా లింక్ చేసుకోవాలి" అని వార్త వచ్చిందంటే ఆ రోజు మా దగ్గర జనం రెట్టింపు. వచ్చినవాళ్లలో చాలామందికి చేయించుకోవాల్సిన పనే ఉండదు. నిజంగా పని ఉన్నవాళ్లేమో "మాది ఎప్పుడో లింకయింది" అని ధీమాగా ఇంటి దగ్గరే ఉంటారు. ఈ గందరగోళంలో సగం ఆ మాట వల్లే వస్తోందని నా గట్టి నమ్మకం. అందుకే మీకు రాస్తున్నాను.

పోయిన వానాకాలంలో పక్క ఊరి నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. కొద్దిపాటి పత్తి చేను ఆమె పేరు మీదే ఉంది. పీఎం కిసాన్ కింద ఏడాదికి ఆరు వేలు, విడతకు రెండు వేల చొప్పున మూడు విడతల్లో రావాలి. కొంతకాలంగా ఆమె పాస్‌బుక్‌లో ఆ పైసలు కనిపించడం లేదు. బ్యాంకుకు పోతే కంప్యూటర్‌లో చూసి "నీ ఆధార్ లింకయి ఉంది, మా దగ్గర తప్పేమీ లేదు" అన్నారట. వ్యవసాయ ఆఫీసుకు పోతే "అనుసంధానం అయిన ఖాతాలో పైసలు పడ్డాయి, బ్యాంకులో అడుగు" అన్నారట. ఆమె నా ముందు పాస్‌బుక్ పెట్టి, "బిడ్డా, గాళ్లు లింకయిందంటరు, గీళ్లు లింకయిందంటరు. మరి నా పైసలు ఎటు వోయినయ్?" అని అడిగింది. అప్పటికే ఇంట్లో కొడుకు మీద అనుమానం, ఆ ఊళ్లో వేలిముద్ర తీసుకుని పైసలిచ్చే అబ్బాయి మీద అనుమానం. మాటా మాటా పెరిగి ఇద్దరితో పలకరింపులు కూడా ఆగిపోయాయి.

ఆఫీసుల వాళ్లిద్దరూ చెప్పింది నిజమే. ఎవరూ పైసలు తినలేదు. అంతకుముందెప్పుడో ఊళ్లో క్యాంపు పెట్టి జీరో బ్యాలెన్స్ ఖాతాలు తెరిచినప్పుడు ఆమె కూడా వేలిముద్ర వేసింది. ఆ కొత్త ఖాతా వేరే బ్యాంకుది. పైసలు బుద్ధిగా అందులోకి పోయి పడుతున్నాయి. పాస్‌బుక్ ఎక్కడో ట్రంకుపెట్టెలో ఉంది, ఆమె మర్చిపోయింది.

ఎందుకిలా జరుగుతుందో మీ పాఠకులకు ఒకసారి విడమరిచి చెప్పాలి. బ్యాంకు మన ఆధార్ నంబరును ఖాతా వివరాల్లో రాసిపెట్టుకోవడం ఒక పని. మనం ఫలానా మనిషే అని ఆ బ్యాంకు గుర్తుపట్టడానికి అది పనికొస్తుంది. నాలుగు బ్యాంకుల్లో ఖాతాలుంటే నాలుగింట్లోనూ నంబరు రాయించుకోవచ్చు, తప్పేమీ లేదు. ప్రభుత్వం వేసే డబ్బు ఎటు పోవాలన్నది ఇంకో పని. దానికి నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ దగ్గర ఒక పట్టిక ఉంటుంది, దాన్ని మ్యాపర్ అంటారు. అందులో ఒక ఆధార్ నంబరు ఎదురుగా ఒకే ఒక్క బ్యాంకు ఉంటుంది. కొత్త బ్యాంకులో మనం ఒప్పుకుని సంతకమో వేలిముద్రో పెడితే పాత బ్యాంకు పేరు పోయి కొత్తది చేరుతుంది. పీఎం కిసాన్ కావచ్చు, గ్యాస్ సబ్సిడీ కావచ్చు, ఉపాధి హామీ కూలీ కావచ్చు, ఆధార్ ఆధారంగా వచ్చే పైసలు ఆ పట్టిక చూసే పోతాయి. ఉపాధి కూలీకి 2024 జనవరి నుంచి ఈ పద్ధతే తప్పనిసరి చేశారు. పట్టికలో ఉన్న బ్యాంకులో మనకు రెండు ఖాతాలుంటే ఏ ఖాతాలో వేయాలో ఆ బ్యాంకు చూసుకుంటుంది.

ఈ రెండు పనులకూ కౌంటర్లలో "లింక్" అనే ఒక్క మాటే వాడతారు. మీ పత్రికలో రెంటికీ "అనుసంధానం" అనే వస్తుంది. రెండో పనికి అధికారుల కాగితాల్లో "సీడింగ్" అని ఉంటుంది కానీ, సీడ్ అంటే విత్తనం కదా, జూన్‌లో మా రైతులకు ఆ మాట వినిపిస్తే పత్తి విత్తనాల సంగతే మనసులోకి వస్తుంది.

ఇవి చాలవన్నట్టు పాన్ కార్డుది మూడో రకం. అక్కడ డబ్బు ఎటు పోవాలన్న ప్రశ్న లేదు. పాన్‌లో ఉన్న మనిషీ ఆధార్‌లో ఉన్న మనిషీ ఒకరేనా అని సరిచూస్తారు. పేరు, పుట్టిన తేదీ కలవకపోతే కుదరదు. వెయ్యి రూపాయలు కట్టి చేయించుకునే గడువు 2023 జూన్ 30తో ముగిసినప్పుడు ఎంత టెన్షన్ పడ్డారో నాకు తెలుసు. పాన్ కార్డే లేని కూలీలు కూడా వచ్చి వెయ్యి రూపాయలు బల్ల మీద పెట్టారు. 2018 సెప్టెంబర్ 26న సుప్రీంకోర్టు బ్యాంకు ఖాతాకూ ఫోన్ నంబరుకూ ఆధార్ తప్పనిసరి కాదని, పాన్‌కూ ప్రభుత్వ సాయం అందుకోవడానికీ మాత్రం ఉండొచ్చని తీర్పు చెప్పింది. కోర్టు అంత స్పష్టంగా వేరు చేసి చెప్పినదాన్ని మనం మళ్లీ ఒకే మాట కింద కుప్ప పోస్తున్నాం.

తెలుగులో కలపడానికి మాటలు కరువా అంటే, నేను పుట్టి పెరిగిన ఇంట్లోనే బోలెడన్ని విన్నాను. మాది వరంగల్ కొత్తవాడ. నాన్న జంపఖానాలు నేసేవారు. వరంగల్ దరీలని 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది వాటికే. మగ్గం మీద పడుగు, అంటే నిలువు పోగుల వరుస, అయిపోవచ్చినప్పుడు పాత పోగుల కొసలను అలాగే ఉంచి, కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా వాటికి కలపాలి. దాన్ని అచ్చు అతకడం అంటారు. ఎక్కువగా ఆడవాళ్లు చేసే పని. అమ్మ వేళ్లకు బూడిద అద్దుకుని పాత కొసనూ కొత్త కొసనూ కలిపి పురి తిప్పేది. చూస్తే ఎక్కడ కలిసిందో కనిపించదు. అక్కడ ముడి వేయకూడదు. ముడి లావుగా ఉంటుంది కాబట్టి, పోగులు దూరే దువ్వెన లాంటి అచ్చు సందులో తట్టుకుని పోగు తెగుతుంది. నేత పూర్తయ్యాక కొసన మిగిలిన పోగులను మాత్రం గుత్తులుగా పట్టి ముడులే వేస్తారు. అక్కడ పురి తిప్పి వదిలేస్తే నాలుగు రోజుల్లో పేక, అంటే అడ్డపోగు, జారిపోతుంది. "అతుకు" అనాల్సిన చోట "ముడి" అంటే కొత్తగా పనికి వచ్చిన పిల్ల పడుగు పాడు చేస్తుంది. కాబట్టి మా ఇంట్లో ఎవరూ "పోగులు కలుపు" అని ఊరికే అనేవారు కాదు. ఎట్లా కలపాలో మాటలోనే ఉండేది.

ఇది నేతవాళ్ల ఒక్కరి ముచ్చటే కాదు. వడ్రంగి దర్వాజ చేసేటప్పుడు ఒక చెక్కకు కుసి తీసి ఇంకో చెక్క బెజ్జంలో దిగ్గొడతాడు. రైతు ఎడ్లకు కాడి కడతాడు, సాయంత్రం విప్పుతాడు. తాడు పేనుతారు, తడక అల్లుతారు, పువ్వులు గుచ్చుతారు. మామిడికి అంటు కడతారు. ఎద్దును కట్టడం, అంటు కట్టడం రెండింట్లోనూ ఉన్నది "కట్టు" అనే మాటే. అయినా పక్కనున్న మాటను బట్టి ఒకటి పొద్దుమూకితే విప్పేదని, రెండోది పట్టుకున్నాక ఇక విప్పలేనిదని చిన్నపిల్లకు కూడా తెలుస్తుంది. హనుమకొండలో వేయి స్తంభాల గుడి కల్యాణ మండపాన్ని 2006లో రాయికి రాయి నంబరు వేసి విప్పారు. మళ్లీ పేర్చి, నిలబెట్టి 2024 మార్చిలో తెరిచారు. 12వ శతాబ్దం నాటి కట్టడం. "విప్పారు", "పేర్చారు" అన్న రెండు మాటలు చాలు, ఆ పని ఎట్లా జరిగిందో మనకు తెలియడానికి.

మన మాటల్లో నాకు నచ్చే గుణం ఇదే. కలిపే మాట వినగానే ఎట్లా కలిసిందో, అవసరమైతే విడిపోతుందో లేదో తెలుస్తుంది. "అనుసంధానం"లో ఆ రెండూ లేవు. సంస్కృతం నుంచి వచ్చిందని నాకు దాని మీద కోపం లేదు. "సంధి" సంస్కృతమే, "బంధువు" సంస్కృతమే, రోజూ వాడుకుంటాం, హాయిగా అర్థమవుతాయి. 2018 మే నెలలో హుజూరాబాద్‌లో మొదలుపెట్టినప్పుడు "రైతుబంధు" పేరు ఒక్కరికి కూడా వివరించాల్సిన అవసరం రాలేదు. మొదటి వారం నుంచే "బంధు పైసలు పడ్డయా?" అని అడిగేవారు. మాట ఎక్కడి నుంచి వచ్చిందన్నది నా ఫిర్యాదు కాదు. అది విన్న మనిషి ఏం చేయాలో తెలియకుండా ఉండిపోతున్నాడన్నదే బాధ.

విడిపోతుందో లేదో అన్నది చిన్న సంగతి అనుకోకండి. మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ఒకసారి లింకయితే ఇక అంతే, మార్చడానికి ఉండదనుకుంటారు. దాంతో ఊరికి దూరంగా ఉన్న బ్యాంకుకు ఆటో ఖర్చు పెట్టుకుని తిరుగుతుంటారు. నిజానికి మ్యాపర్‌లో ఉన్న బ్యాంకును మార్చుకునే హక్కు ఖాతాదారుకు ఉంది. తనకు కావాల్సిన బ్యాంకులో ఒప్పుకోలు పత్రం ఇస్తే సరిపోతుంది, అసలు వద్దనుకుంటే తీసేయించుకోనూ వచ్చు. "ముడి వేయించుకోవాలి" అని రాసి ఉంటే "విప్పుకోవచ్చా?" అన్న ప్రశ్న వాళ్లే అడిగేవారు. "అనుసంధానం" అన్న మాటకు ఎదురు మాట ఏమిటో జనానికి తోచదు. అందుకని ఎవరూ అడగరు.

నదుల విషయంలోనూ ఇదే చూస్తున్నాను. గోదావరి–కావేరి అనుసంధానం మీద మీరు చాలా వార్తలు వేశారు. మనకు భూపాలపల్లి వైపున్న ఇచ్చంపల్లి పేరు అందులో పదే పదే వస్తుంది కాబట్టి ఇక్కడివాళ్లు శ్రద్ధగా చదువుతారు. ఒకాయన పత్రిక చేతిలో పట్టుకుని, "గోదారిని తీసుకపోయి కావేరిల కలుపుతరట, ఇగ మన గోదారి ఉండదా?" అని నిజంగానే దిగులుపడ్డాడు. ఇచ్చంపల్లి నుంచి కొంత నీటిని నాగార్జునసాగర్‌కు, అక్కడి నుంచి నెల్లూరు జిల్లా సోమశిలకు, సోమశిల నుంచి కావేరికి మళ్లించాలన్నది ఆ ప్రతిపాదన. వార్తలో ఆ సంగతి ఎక్కడో కింద ఉంది, పైన శీర్షికలో మాత్రం రెండు నదులు కలిసిపోయినట్టే ఉంది. ఎంత నీళ్లు, ఏ నెలల్లో, వాలు మీద పారిస్తారా, మోటార్లు పెట్టి ఎత్తిపోస్తారా అన్నదే కదా రైతుకు కావాల్సింది. "మళ్లింపు" అని రాస్తే కనీసం నీళ్లు ఒక చోటి నుంచి ఇంకో చోటికి పోతున్నాయని అర్థమవుతుంది.

మన వైపు నీళ్లను కలిపినవాళ్లు పెట్టుకున్న పేరు చూడండి: గొలుసుకట్టు చెరువులు. కాకతీయుల కాలం నుంచి రామప్ప, పాకాల, లక్నవరం లాంటి పెద్ద చెరువులతో పాటు ఊరూరా చిన్న చెరువులు తవ్వారు. పై చెరువు నిండి మత్తడి (అలుగు) దుంకితే ఆ నీళ్లు వాగు పట్టుకుని కింది చెరువులోకి చేరతాయి, అది నిండితే దాని కిందిదానికి. "గొలుసుకట్టు" అనే మాటలో ఆ వరుస ఉంది. ఒక కొండి తెగితే కింద ఉన్నవన్నీ ఎండుతాయన్న హెచ్చరిక కూడా ఉంది. పై ఊరివాళ్లు మత్తడి మీద ఇసుక బస్తాలు వేసి ఎత్తు పెంచితే కింది ఊరివాళ్లు ఎందుకు కొట్లాటకు వస్తారో ఆ మాట తెలిసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. 2015లో మిషన్ కాకతీయ మొదలై 46 వేలకు పైగా చెరువులు బాగుచేస్తామన్నప్పుడు మీ పత్రికే "గొలుసుకట్టు" మాటను మళ్లీ అందరి నోళ్లలో నానేలా చేసింది. అప్పట్లో పూడిక ఎంత తీశారన్న లెక్క కంటే చెరువుకూ చెరువుకూ మధ్య కాలువలు బాగుచేశారా లేదా అని మా మామగారు ఎక్కువగా అడిగేవారు. పేరు ఆయనకు ఏం అడగాలో నేర్పింది.

మీకు ఇది చేతకాదని నేను అనడం లేదు. రాజకీయాల పేజీలో మీరు ఎంత జాగ్రత్తగా రాస్తారో చూస్తూనే ఉన్నాను. 2004లో టీఆర్ఎస్, కాంగ్రెస్ కలిసి పోటీ చేస్తే "పొత్తు" అని రాశారు. 2009లో టీడీపీ, టీఆర్ఎస్, కమ్యూనిస్టులు ఒక్కటైతే "మహాకూటమి" అన్నారు. 2011లో ప్రజారాజ్యం కాంగ్రెస్‌లో చేరినప్పుడు "విలీనం" అన్నారు. పొత్తులో ఎవరి జెండా వాళ్లకు ఉంటుంది, ఎన్నికల తర్వాత ఎవరి దారిన వాళ్లు పోవచ్చు. విలీనంలో ఒక జెండా కిందికి దిగుతుంది. ఈ తేడా తెలియని పాఠకుడు పరకాలలో ఒక్కడు కూడా లేడు. ఏళ్ల తరబడి సరైన మాటలు వాడి మీరే నేర్పారు. "బయటి నుంచి మద్దతు" అంటే ఏమిటో చదువు రాని ముసలాయన కూడా విడమరిచి చెబుతాడు. నాయకుల కలయికలకు చూపిన ఆ శ్రద్ధ జనం ఖాతాల దగ్గరికి వచ్చేసరికి ఎందుకు తగ్గాలి?

మాటల బరువు మా ఊరికి కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేదు కూడా. 1947 సెప్టెంబర్ 2న జాతీయ జెండా కోసం పరకాలలో జనం కాల్పుల్లో నేలకొరిగారు. వాళ్ల గుర్తుగా కట్టిన అమరధామం ముందు నుంచే నేను రోజూ వస్తూ పోతూ ఉంటాను. ఆ మరుసటేడు సెప్టెంబర్ 17న హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో కలిసింది. ఆ రోజును విలీనం అనాలా, విమోచనం అనాలా అని ఇప్పటికీ వాదన నడుస్తోంది. రాష్ట్ర ప్రభుత్వం 2022లో జాతీయ సమైక్యతా దినోత్సవమని, 2024లో ప్రజాపాలన దినోత్సవమని జరిపింది, కేంద్రం విమోచన దినమంటుంది. ఏ మాట వాడితే ఏమర్థం వస్తుందో ఇంతగా పట్టించుకునే జనం మీ పాఠకులు. వాళ్లకు వివరంగా రాస్తే చదవరన్న భయం అక్కర్లేదు.

బ్యాంకుల సంగతీ ఇక్కడే చెప్పాలి. 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ ఎస్‌బీఐలో, 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో విలీనమయ్యాయి. అక్కడ ఆ మాట సరైనదే, పాత బ్యాంకు ఇక లేదు. 2025 జనవరి 1న జరిగింది వేరు. వరంగల్ కేంద్రంగా నడిచిన ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు నుంచి తెలంగాణలోని శాఖలను విడదీసి తెలంగాణ గ్రామీణ బ్యాంకులో కలిపారు. దానికీ "విలీనం" అన్న ఒక్క మాటే శీర్షికల్లో కనిపించింది. మా ఊళ్లలో గ్రామీణ బ్యాంకు ఖాతా లేని ఇల్లు అరుదు. సంఘాల ఆడవాళ్లు వచ్చి "అక్కా, బ్యాంకు మునిగిందా? మా పొదుపు పైసలు ఉన్నట్టేనా?" అని అడిగారు. శాఖ అక్కడే ఉంటుందా, ఖాతా నంబరు అదేనా, ఐఎఫ్ఎస్‌సీ కోడ్ మారుతుందా, చేతిలో ఉన్న చెక్కులు ఎప్పటిదాకా చెల్లుతాయి అన్నవి వాళ్లకు కావాలి. ఏది విడిపోయి ఏది దేనిలో చేరిందో రెండు వాక్యాల్లో రాస్తే ఆ భయం ఇంట్లోనే తీరేది.

ఇక ప్రకటనల భాష. ప్రభుత్వ నోటిఫికేషన్లు మీకు వచ్చినవి వచ్చినట్టే అచ్చవుతాయి. "ఆధార్ మరియు రేషన్ కార్డు లేదా ఓటరు కార్డు నకళ్లు జతపరచవలెను" అని ఉంటే ఎన్ని కాగితాలు తేవాలి? ఆధార్ తప్పనిసరా, లేక ఓటరు కార్డు ఒక్కటే తెస్తే సరిపోతుందా? ఈ వాక్యాన్ని రెండు రకాలుగానూ చదవొచ్చు. వరుసలో గంట నిలబడి, కాగితం ఒకటి తక్కువైందని ఊరికి తిరిగిపోయేవాళ్లను చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. ఒక పూట కూలీ పోతుంది మరి. "ఆధార్ తప్పకుండా తేవాలి, దాంతో పాటు రేషన్ కార్డో ఓటరు కార్డో ఏదో ఒకటి" అని మనం నోటితో చెబుతాం. తెలుగులో కలపడానికి "మరియు" అవసరం పడేదే తక్కువ. అమ్మా నాన్నా వచ్చారు, పాలూ పెరుగూ ఉన్నాయి అని చివరి అక్షరం సాగదీస్తే చాలు. ఏదో ఒకటి అనాలంటే చివర "ఓ" పెడతాం. "జతపరచవలెను" అన్నదాన్ని చూసి అసలు సర్టిఫికెట్లకు పిన్ను కొట్టి ఇచ్చేసినవాళ్లున్నారు. "జిరాక్సులు దరఖాస్తు వెనక పెట్టి ఇవ్వండి, అసలువి చూపించి వెనక్కి తీసుకోండి" అంటే ఆ నష్టం జరగదు. ప్రకటన ఇచ్చే ఆఫీసు వాక్యాన్ని మార్చే అధికారం మీకు లేకపోవచ్చు. దాని పక్కనే వార్తగా రాసేటప్పుడైనా మార్చండి.

అన్నింటికంటే ఎక్కువ భయపెడుతున్నది "లింక్" అన్న మాట. ఖాతాకు ఆధార్ కలపడమూ లింకే, ఫోన్‌లో మెసేజ్ కింద నీలం రంగులో కనిపించే గీతా లింకే. "ఈరోజే లింక్ చేయకుంటే పైసలు ఆగిపోతాయి, కింది లింక్ నొక్కండి" అని వాట్సాప్‌లో వస్తుంది. మొదటి మాట పత్రికలో చదివి ఉన్నారు కాబట్టి రెండో మాటను నమ్ముతారు. నొక్కితే ఏపీకే ఫైల్ ఒకటి, అంటే దొంగ యాప్, ఫోన్‌లో దిగుతుంది, ఆ తర్వాత ఓటీపీలు అవతలివాడికి కనిపిస్తాయి. పత్తి అమ్మిన పైసలు ఖాతాలో ఉన్న నెలల్లో ఇలాంటి మెసేజ్‌లు పట్టుకుని రైతులు మరీ ఎక్కువగా వస్తుంటారు. ఆధార్‌ను బ్యాంకుకు కలిపే పని వాట్సాప్‌లో వచ్చిన గీత నొక్కితే కాదని, పైసలు పోతే వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయాలని అలాంటి ప్రతి వార్త కింద ఒక పెట్టె కట్టి వేయండి. ఎంత త్వరగా ఫోన్ చేస్తే డబ్బు మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ. నేనైతే ఫోన్‌లో వచ్చేదాన్ని "గీత" అనీ, "నొక్కే గీత" అనీ చెబుతున్నాను. అర్థమవుతోంది.

ఆధార్ విషయంలో మా బల్ల దగ్గర వాడుకలో ఉన్న మాటలు కూడా మీకు చెబుతాను. ఖాతాలో ఆధార్ రాయించుకోవడాన్ని "నంబరు ఎక్కించుడు" అంటారు. ప్రభుత్వ పైసలు వచ్చేదాన్ని "పైసలు పడే ఖాతా" అంటారు. ఈ రెండు మాటలూ నేను పుట్టించలేదు, వచ్చేవాళ్లే అన్నారు, నేను పట్టుకున్నాను. "అవ్వా, నీ నంబరు రెండు బ్యాంకుల్ల ఎక్కింది, పైసలు పడే ఖాతా మాత్రం గీ బ్యాంకుది" అని చెప్పగానే ఆ పెద్దావిడకు విషయం తెలిసిపోయింది. మర్నాడు ట్రంకుపెట్టె వెతికి ఆ పాస్‌బుక్ తెచ్చింది, కొడుకుని కూడా వెంటబెట్టుకుని వచ్చింది.

కాబట్టి నా విన్నపం ఇది. "అనుసంధానం" అని రాసే ముందు మీ డెస్క్‌లో ఎవరైనా ఒక్క క్షణం ఆగి, ఏది దేనికి కలుస్తోంది అని అడగాలి. ఖాతాలో నంబరు ఎక్కించడమా, పైసలు పడే ఖాతాను మార్చడమా, పాన్‌లో పేరు సరిచూడడమా అన్నది శీర్షికలోనే ఉండాలి. ఎవరు వెళ్లాలో, ఎవరికి ఆ అవసరం లేదో మొదటి పేరాలో రాయాలి. మై ఆధార్ వెబ్‌సైట్‌లో "బ్యాంక్ సీడింగ్ స్టేటస్" అనే చోట ఆధార్ నంబరు, ఫోన్‌కు వచ్చే ఓటీపీ ఇస్తే పైసలు పడే బ్యాంకు ఏదో కనిపిస్తుంది, దానికి ఎవరికీ రూపాయి ఇవ్వక్కర్లేదు. ఇది చాలామందికి తెలియదు. ఆధార్‌కు ఫోన్ నంబరు ఇవ్వనివాళ్లు మాత్రం ముందు ఆధార్ కేంద్రానికి పోయి అది ఇప్పించుకోవాలి. బ్యాంకు మార్చుకోవాలనుకుంటే కావాల్సిన బ్యాంకులోనే ఒప్పుకోలు పత్రం ఇవ్వాలి. ఈ వివరాలన్నీ కలిపినా మీ జిల్లా పేజీలో అర కాలమ్ దాటదు.

పీఎం కిసాన్ తర్వాతి విడత వచ్చేలోపు ఈ అర కాలమ్ వేయగలిగితే మా దగ్గరే కాదు, నర్సంపేట, ములుగు, హుజూరాబాద్ మీసేవల దగ్గర కూడా చాలామందికి తిరుగుడు తప్పుతుంది. మీ విలేకరిని ఒక పూట మా కేంద్రానికి పంపండి. బుధవారం పంపితే మంచిది, ఆ రోజు పల్లెల నుంచి జనం ఎక్కువగా వస్తారు. బల్ల పక్కన కూర్చుని ఎవరు ఏమడుగుతున్నారో వాళ్ల నోటితోనే వినొచ్చు.

ఇట్లు,
ఒక మీసేవ నిర్వాహకురాలు,
పరకాల, హనుమకొండ జిల్లా